సర్వర్ ప్రాసెసర్లను పోల్చడం ఎలా: వీసీపీయూ అనేది మూర లాంటిది

బెంగళూరు కేఆర్ మార్కెట్లో మల్లెపూలు మూర లెక్కన అమ్ముతారు. అమ్మే మనిషి చెయ్యి పొడుగైతే కొన్నవాళ్ల అదృష్టం, పొట్టిదైతే అంతే సంగతులు. సర్వర్ల లోకంలో వీసీపీయూ, అంటే క్లౌడ్ కంపెనీ అద్దెకిచ్చే వర్చువల్ ప్రాసెసర్ లెక్క, అచ్చం అలాంటి మూరే. అమెజాన్ క్లౌడ్‌లో ఎం7ఐ 2ఎక్స్‌లార్జ్ తీసుకుంటే వచ్చే 8 వీసీపీయూలు నిజానికి 4 ఇంటెల్ కోర్లు, ఒక్కో కోర్‌కి రెండేసి హైపర్‌థ్రెడ్లు (ఒకే కోర్‌ని రెండుగా చూపించే ఏర్పాటు). అదే సైజులో ఎం7జీ తీసుకుంటే అమెజాన్ సొంత ఆర్మ్ ప్రాసెసర్ గ్రావిటాన్3 కోర్లు 8 వస్తాయి. ఏఎండీ ఎం7ఏలో ఎస్‌ఎంటీ (హైపర్‌థ్రెడ్ లాంటిదే) ఆపేసి ఇస్తారు కాబట్టి అక్కడా 8 అసలు కోర్లే. దాని ముందు తరం ఎం6ఏలో మాత్రం వీసీపీయూ అంటే థ్రెడ్డే. నాలుగింటి మీదా రాసి ఉండేది ఒకటే: 8 వీసీపీయూ, 32 జీబీ.

వైట్‌ఫీల్డ్‌లోనో మారతహళ్లిలోనో మీ టీము "ఆర్మ్‌కి మారదామా, ఎక్స్86లోనే ఉందామా" అని (ఎక్స్86 అంటే ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల తరహా) నెలల తరబడి వాదించుకుంటోందంటే, కొలవకుండానే మాట్లాడుకుంటున్నారన్నమాట. పోల్చాల్సిన రెండు రకాల మెషీన్లు, లోడ్ వేయడానికి ఇంకో మెషీన్, రెండు పూర్తి పనిదినాలు ఉంటే తేలిపోయే విషయమిది.

ముందు హారం తేల్చుకోండి

ఏ కొలతకైనా లవం, హారం ఉంటాయి. సెకనుకి ఎన్ని రిక్వెస్టులు అనే లవం అందరూ కొలుస్తారు. దేనితో భాగించాలో మాత్రం అంకెలు వచ్చాక, ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకుంటారు. గొడవలన్నీ అక్కడే. కాబట్టి మెషీన్ ఆన్ చేయకముందే కాగితం మీద రాసుకోండి.

క్లౌడ్ అయితే హారం రూపాయి. గంట అద్దెలో డిస్కు, నెట్‌వర్క్ ఖర్చులు కూడా కలపండి. మీ రాక్‌లో పెట్టే సొంత సర్వర్ అయితే మూడు నాలుగేళ్ల మొత్తం ఖర్చు: కొన్న ధర, కరెంటు, ఏసీ, రాక్ అద్దె. కోర్‌కి ఇంత అని లైసెన్స్ కట్టే సాఫ్ట్‌వేర్ నడుపుతుంటే హారం కోర్ అవుతుంది, అప్పుడు లెక్క పూర్తిగా తిరగబడుతుంది. సొంత మెషీన్ మీద ఒరాకిల్ ఎంటర్‌ప్రైజ్ డేటాబేస్ లైసెన్స్‌లో ఇంటెల్ జియాన్, ఏఎండీ ఎపిక్ కోర్లకి గుణకం 0.5, ఐబీఎం పవర్ కోర్‌కి 1.0. అంటే పవర్ కోర్ రెండింతలు పని చేస్తేనే లైసెన్స్ లెక్కలో సమానం. పవర్10 కోర్ ఒక్కొక్కటి 8 థ్రెడ్ల దాకా నడుపుతుంది కాబట్టి అది అసాధ్యమేమీ కాదు, కానీ కొలిచి చూడాలి.

హారం పక్కనే ఒక షరతు కూడా రాయండి. "99వ పర్సెంటైల్ జవాబు 50 మిల్లీసెకన్లు దాటకూడదు" లాంటిది. అంటే వందలో 99 జవాబులు ఆ లోపే రావాలి. ఈ షరతు లేకుండా తీసిన గరిష్ఠ వేగం ఎందుకూ పనికిరాదు. ఆ వేగంలో మీ కస్టమర్ అప్పటికే పేజీ మూసేసి వెళ్లిపోయి ఉంటాడు.

మెషీన్ లోపల ఏముందో చూడండి

ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్ నడిపి నాలుగు వరుసలు రాసుకోండి: సాకెట్లు (ప్రాసెసర్ చిప్ కూర్చునే చోట్లు), సాకెట్‌కి కోర్లు, కోర్‌కి థ్రెడ్లు, నుమా నోడ్లు (కొన్ని కోర్లు, వాటికి దగ్గరగా ఉన్న మెమరీ కలిసిన గుంపులు). ఎల్2, ఎల్3 కాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన చిన్న మెమరీ) సైజులు కూడా. గ్రావిటాన్3లో కోర్‌కి 1 ఎంబీ ఎల్2 ఉంటుంది, 64 కోర్లూ కలిసి 32 ఎంబీ ఎల్3 పంచుకుంటాయి. ఏఎండీ ఎపిక్ 9654లో మొత్తం ఎల్3 384 ఎంబీ, కానీ అది 8 కోర్లకి 32 ఎంబీ చొప్పున 12 ముక్కలుగా ఉంటుంది. ఒక కోర్‌కి 384 ఎంబీ కాష్ ఉందనుకుని డేటా సైజు ఎంచుకుంటే ఫలితం చూసి ఆశ్చర్యపోతారు.

సొంత సర్వర్ అయితే డీఎంఐడీకోడ్‌తో మెమరీ వివరాలు తీయండి. ఇక్కడ జరిగే పొరపాటు దాదాపు ఎవరి కంటా పడదు. సఫైర్ రాపిడ్స్ తరం ఇంటెల్ జియాన్‌కి సాకెట్‌కి 8 మెమరీ చానళ్లు (ర్యామ్‌కి వెళ్లే దారులు), జెనోవా తరం ఎపిక్‌కి (పైన చెప్పిన 9654 ఇదే) 12. "512 జీబీ కావాలి" అని ఆర్డర్ పెడితే అమ్మేవాళ్లు 64 జీబీ స్టిక్కులు 8 వేసి పంపుతారు. జియాన్‌లో అన్ని చానళ్లూ నిండుతాయి. ఎపిక్‌లో నాలుగు ఖాళీగా మిగులుతాయి, బ్యాండ్‌విడ్త్‌లో మూడో వంతు పోతుంది. ఎస్పీ రోడ్డులోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో తీసుకున్న పాత సర్వర్లలో పరిస్థితి ఇంకా విడ్డూరం. రెండే స్టిక్కులు పెట్టి "ర్యామ్ సరిపడా ఉంది సార్" అంటారు. చానళ్లు నిండకుండా ప్రాసెసర్లని పోల్చకండి.

తర్వాత బయోస్. టర్బో (వీలున్నప్పుడు బేస్ వేగం దాటించే ఏర్పాటు) రెండింటిలోనూ ఆన్‌లో ఉందా? పవర్ ప్రొఫైల్ "బ్యాలెన్స్‌డ్"లో ఉందా, "పెర్ఫార్మెన్స్"లో ఉందా? ఇంటెల్‌లో సబ్ నుమా క్లస్టరింగ్, ఏఎండీలో ఎన్‌పీఎస్ అనే సెట్టింగులు ఒకే సాకెట్‌ని రెండో నాలుగో నుమా నోడ్లుగా చీల్చి చూపిస్తాయి. ప్రొడక్షన్‌లో ఎలా నడుపుతారో అలాగే పెట్టండి, పెట్టింది ఫొటో తీసుకోండి. లైనక్స్‌లో సీపీయూ గవర్నర్‌ని పెర్ఫార్మెన్స్‌కి మార్చండి. సెక్యూరిటీ మిటిగేషన్లు ఆపవద్దు. స్పెక్టర్ తరహా లోపాల పరిహారం ఒక్కో ప్రాసెసర్ మీద ఒక్కోలా భారం వేస్తుంది, ఆ భారం కూడా పోలికలో భాగమే.

క్లౌడ్‌లో టీ3, టీ4జీ లాంటి క్రెడిట్ల మీద నడిచే మెషీన్లు ఈ పనికి పనికిరావు. మొదట్లో పరుగెడతాయి, క్రెడిట్లు అయిపోయాక చతికిలపడతాయి, అన్‌లిమిటెడ్ మోడ్‌లో ఉంటే అదనపు బిల్లు వేస్తాయి. పరీక్ష నడుస్తుండగా టాప్ కమాండ్‌లో ఎస్‌టీ అనే అంకె సున్నా దగ్గరే ఉండాలి. అది పెరుగుతోందంటే మీ సీపీయూని పక్కవాడు తింటున్నాడు.

రెండు పక్కలా సాఫ్ట్‌వేర్ సమంగా ఉండాలి

డిస్ట్రో, కెర్నల్, లైబ్రరీలు, కంపైలర్ వెర్షన్ అన్నీ ఒకటే కావాలి. అన్నీ ఒకటే అనిపించినా తేడాలు దాక్కునే చోట్లు కొన్ని ఉన్నాయి.

మొదటిది ఎమ్యులేషన్. ఆర్మ్ మెషీన్‌లో క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్ అమర్చి ఉంటే, ఎక్స్86 కోసం కట్టిన డాకర్ ఇమేజ్ దాని మీద కూడా నడిచేస్తుంది, కిందన క్యూఈఎంయూ చేరి ఇన్‌స్ట్రక్షన్లని తర్జుమా చేస్తుంటుంది. ఎర్రర్ రాదు, కొన్ని రెట్లు నెమ్మదిగా మాత్రం ఉంటుంది. కంటెయినర్ లోపలికెళ్లి యూనేమ్ మైనస్ ఎం కొట్టండి. ఆర్మ్ మీద ఏఏఆర్క్64 (aarch64) అని రావాలి. ఎక్స్86_64 అని వస్తే ఇమేజ్ మళ్లీ కట్టుకోండి. "ఆర్మ్ చాలా స్లో" అన్న తీర్పుల్లో కొన్నిటి వెనక ఉన్నది ఇదే.

రెండోది కంపైలర్ ఫ్లాగులు. ఏమీ చెప్పకపోతే జీసీసీ కంపైలర్ 64 బిట్ ఎక్స్86 మీద ఎస్‌ఎస్‌ఈ2 అనే పాత ఇన్‌స్ట్రక్షన్ల దగ్గరే ఆగిపోతుంది, కొత్త ఏవీఎక్స్2 ముట్టుకోదు. ఆ మెషీన్ సత్తా చూడాలంటే మార్చ్ ఈక్వల్స్ నేటివ్ (-march=native) ఇవ్వాలి. ఆర్మ్‌లోనూ పవర్‌లోనూ అదే పనికి ఎంసీపీయూ ఈక్వల్స్ నేటివ్ (-mcpu=native) వాడాలి. ఎక్స్86లో ఎంసీపీయూ ఇస్తే అది ట్యూనింగ్ ఒక్కటే మారుస్తుంది, కొత్త ఇన్‌స్ట్రక్షన్లు వాడదు. రెండు పక్కలా ఒకే మేక్‌ఫైల్ కాపీ చేసేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. ఆర్మ్ మీద తాళాలు, కౌంటర్లు ఎక్కువ వాడే ప్రోగ్రామ్ అయితే ఎల్‌ఎస్‌ఈ అటామిక్స్ (అనేక కోర్లు ఒకే విలువని త్వరగా మార్చుకునేందుకున్న ఇన్‌స్ట్రక్షన్లు) అందాయో లేదో చూడండి. అవి మెషీన్‌లో ఉంటే వాడుకునే అవుట్‌లైన్ అటామిక్స్, జీసీసీ 10 నుంచి లైనక్స్‌లో డిఫాల్ట్‌గానే ఉంటాయి. అంతకంటే పాత కంపైలర్‌తో కడితే కోర్లు పెరిగేకొద్దీ వేగం పెరగడం మానేస్తుంది, నింద ప్రాసెసర్ మీద పడుతుంది.

మూడోది లైబ్రరీలు. పైథాన్ టీములకిది ముఖ్యం. ఒక పక్క కోండా నుంచి వచ్చిన నంపై ఎంకేఎల్ అనే ఇంటెల్ గణిత లైబ్రరీ వాడుతుంది, ఇంకో పక్క పిప్ నుంచి వచ్చింది ఓపెన్‌బ్లాస్ అనే వేరే గణిత లైబ్రరీ వాడుతుంది. అప్పుడు మీరు పోల్చింది రెండు లైబ్రరీలని. 19.3 కంటే పాత పిప్ ఉంటే ఆర్మ్ వీల్స్ (ముందే కట్టి ఉంచిన ప్యాకేజీలు) గుర్తుపట్టక సోర్స్ నుంచి కట్టుకుంటూ కూర్చుంటుంది. జావా అయితే జేడీకే 8 వదిలేసి 17 లేదా ఆ పైది రెండు పక్కలా పెట్టండి, హీప్ సైజు, గార్బేజ్ కలెక్టర్ పేరు మీరే రాయండి. జేవీఎంకి వదిలేస్తే కోర్ల సంఖ్య చూసి తనకి తోచింది ఎంచుకుంటుంది.

పేజీ సైజు, అంటే కెర్నల్ మెమరీని పంచే ముక్క సైజు, కూడా అడగండి. ఎక్స్86లో 4 కేబీ. పవర్ లైనక్స్‌లో సాధారణంగా 64 కేబీ. ఆర్మ్‌లో రెడ్ హ్యాట్ 8 కెర్నల్ 64 కేబీతో వచ్చేది, 9వ వెర్షన్‌లో డిఫాల్ట్ 4 కేబీకి మారింది. పెద్ద డేటాబేస్‌లలో ఈ ఒక్క తేడా ప్రాసెసర్ తేడాలా కనిపించగలదు.

వేగం కాకపోయినా ఒక మాట: సీలో ఉత్త చార్ అనేది ఎక్స్86 మీద సైన్‌డ్, ఆర్మ్ లైనక్స్ మీద అన్‌సైన్‌డ్. మెమరీ క్రమం (ఒక కోర్ రాసినవి ఇంకో కోర్‌కి ఏ వరుసలో కనిపించాలన్న నియమం) విషయంలోనూ ఆర్మ్, పవర్ రెండూ ఎక్స్86 కంటే వదులు. ముందు టెస్ట్ సూట్ మొత్తం పాసవ్వాలి. తప్పు జవాబు త్వరగా ఇచ్చే మెషీన్ ఎవరికీ అక్కర్లేదు.

చిన్న పరీక్షలు: దేన్ని ఎంత నమ్మాలి

సిస్‌బెంచ్ సీపీయూ పరీక్షని పోలికకి వాడొద్దు. అది 10,000 లోపు ప్రధాన సంఖ్యలు వెతుకుతూ ఉంటుంది, అంటే 64 బిట్ భాగహారాలే పని. ఐస్ లేక్ అనే తరానికి ముందు వచ్చిన ఇంటెల్ కోర్లలో ఆ భాగహారం బాగా నెమ్మది. అందుకే ఆర్మ్ కొన్ని రెట్లు వేగమన్నట్టు గ్రాఫులు తిరుగుతుంటాయి. మీ వెబ్ సర్వర్ రోజంతా భాగహారాలు చేయదు.

ఎన్‌క్రిప్షన్ వేగం కొలిచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ స్పీడ్ పనికొస్తుంది, ఈవీపీ ఆప్షన్ (-evp) ఇస్తేనే. అది ఇవ్వకపోతే పాత వెర్షన్లు ప్రాసెసర్‌లోని ఏఈఎస్ ఇన్‌స్ట్రక్షన్లు వదిలేసి మామూలు సాఫ్ట్‌వేర్ దారిలో పోతాయి. ఏఈఎస్ 256 జీసీఎం ఒకసారి, ఆర్‌ఎస్‌ఏ 2048 ఒకసారి నడపండి. రెండింటిలో వరుస మారొచ్చు. టీఎల్‌ఎస్ హ్యాండ్‌షేక్‌లు ఎక్కువుండే ప్రాక్సీకి ఆర్‌ఎస్‌ఏ అంకె చూడాలి, పెద్ద ఫైళ్లు పంపే సర్వర్‌కి ఏఈఎస్ అంకె చూడాలి.

మెమరీ బ్యాండ్‌విడ్త్‌కి స్ట్రీమ్ ఉంది. ఇందులో నాలుగు భాగాలు: కాపీ, స్కేల్, యాడ్, ట్రయాడ్. ట్రయాడ్ అంకె తీసుకోండి. ముందు కాగితం మీద గరిష్ఠం లెక్కకట్టండి: చానళ్లు × 8 బైట్లు × వేగం. డీడీఆర్5 4800తో 12 చానళ్లకి 460.8 జీబీ, 8 చానళ్లకి 307.2 జీబీ సెకనుకి. అందులో సుమారు 80 శాతం వస్తే మెషీన్ బాగున్నట్టే. సగం కూడా రాకపోతే ర్యామ్ స్టిక్కులు అమర్చిన తీరు, నుమా బైండింగ్ చూడండి. గరిష్ఠం కంటే ఎక్కువ వస్తే సంబరపడకండి, డేటా కాష్‌లోనే తిరుగుతోంది. స్ట్రీమ్ డిఫాల్ట్ ఎరే కోటి ఎలిమెంట్లు, 80 ఎంబీ. మూడూ కలిపి 240 ఎంబీ, ఎపిక్ 9654 కాష్‌లో హాయిగా పడుకుంటాయి. నియమం ఏమిటంటే ఒక్కో ఎరే మొత్తం ఎల్3కి కనీసం 4 రెట్లుండాలి. రెండు సాకెట్ల 9654లో ఎల్3 768 ఎంబీ కాబట్టి ఎరే 3 జీబీ, అంటే 40 కోట్ల పైచిలుకు ఎలిమెంట్లు. ఆ సైజుకి ఎక్స్86 జీసీసీలో ఎంసీమోడల్ మీడియం ఇవ్వకపోతే లింకర్ మొరాయిస్తుంది.

స్పెక్ సీపీయూ 2017 అంకెలు కంపెనీలు ప్రచురిస్తాయి, చూడండి. రెండు జాగ్రత్తలు. రేట్ అంకెని స్పీడ్ అంకెతో పోల్చకండి: రేట్ అంటే ఒకేసారి అనేక కాపీలు నడిపి తీసే మొత్తం పని, స్పీడ్ అంటే ఒక పని ఎంత త్వరగా ముగిసిందన్నది. బేస్‌ని పీక్‌తో పోల్చకండి: పీక్‌లో ప్రతి ప్రోగ్రామ్‌కి వేరే ఫ్లాగులు పెట్టుకునే వీలుంది. కంపైలర్ ఏదో కూడా చదవండి. తమ సొంత కంపైలర్‌తో కంపెనీ తీసిన అంకె, మీ జీసీసీ బిల్డ్‌లో రాకపోవచ్చు.

పెర్ఫ్ స్టాట్‌లో కనిపించే ఐపీసీ, అంటే ఒక సైకిల్‌కి ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు అన్నది, వేర్వేరు ఆర్కిటెక్చర్ల మధ్య పోల్చే అంకె కాదు. అదే సీ ప్రోగ్రామ్ ఆర్మ్ మీద, ఎక్స్86 మీద, పవర్ మీద వేర్వేరు ఇన్‌స్ట్రక్షన్ల సంఖ్యగా మారుతుంది. ఒకే మెషీన్ మీద ముందూ వెనకా చూసుకోవడానికి మాత్రం బంగారం లాంటి అంకె.

అసలు పరీక్ష: మీ పనే

లోడ్ వేసే మెషీన్ అదే రీజియన్‌లో, అదే జోన్‌లో ఉండాలి. బెంగళూరులో అమెజాన్ రీజియన్ లేదు, దగ్గరివి ముంబై, హైదరాబాద్. ఇక్కడ ల్యాప్‌టాప్ నుంచి అక్కడి సర్వర్‌కి రిక్వెస్టులు పంపితే కొలిచేది మీ ఇంటర్నెట్ లైన్‌ని. హైదరాబాద్‌లో మీకు కావల్సిన మెషీన్ రకం దొరుకుతుందో లేదో కూడా ముందే చూసుకోండి, అన్ని రకాలూ అన్ని రీజియన్లలో ఉండవు.

డబ్ల్యూఆర్‌కే2 లాంటి, సెకనుకి ఇన్ని అని నిలకడగా పంపే టూల్ వాడండి. జవాబు వచ్చాకే తర్వాతిది పంపే టూల్స్, సర్వర్ తడబడినప్పుడు అవి కూడా ఆగిపోతాయి. ఆ ఆగిన సమయం లెక్కలోకి రాదు, లేటెన్సీ అందంగా కనిపిస్తుంది.

తక్కువ లోడ్‌తో మొదలుపెట్టి మెట్లు మెట్లుగా పెంచండి. జావా అయితే మొదటి 5 నిమిషాలు లెక్కలోకి తీసుకోకండి. ప్రతి మెట్టు దగ్గర 3 నిమిషాలు ఆగి సీపీయూ శాతం, 50వ, 99వ పర్సెంటైల్ రాసుకోండి. మీ షరతు దాటిన చోట ఆపి, దానికి ముందు మెట్టు అంకె తీసుకోండి.

ఇంత శ్రమ ఎందుకంటే, సీపీయూ శాతం అబద్ధం చెబుతుంది. 4 కోర్లు, 8 హైపర్‌థ్రెడ్ల మెషీన్ తీసుకోండి. 4 థ్రెడ్లతో, కోర్‌కి ఒకటి చొప్పున, సెకనుకి 4,000 రిక్వెస్టులు వచ్చాయనుకుందాం. 8 థ్రెడ్లూ వాడితే 8,000 రావు. రెండో థ్రెడ్ కొత్త కోర్ కాదు, అదే కోర్‌లో ఖాళీ సందులు నింపే మనిషి. 5,000 వచ్చిందనుకోండి. మొదటి పరిస్థితిలో టాప్ 50 శాతం అని చూపించింది. కానీ అప్పటికే మీరు 5,000లో 4,000, అంటే 80 శాతం శక్తి వాడేశారు. థ్రెడ్లు లేని గ్రావిటాన్‌లో 50 శాతం అంటే దాదాపు సగమే. "రెండూ 50 శాతం దగ్గర సమానంగా ఉన్నాయి కదా" అనే నిర్ణయంతో పండగ సేల్ రోజున ఒకటి నిలబడుతుంది, ఇంకొకటి కూలబడుతుంది. ఆటోస్కేలింగ్ (లోడ్ పెరిగితే తనంతట మెషీన్లు పెంచే ఏర్పాటు) మొదలయ్యే శాతం కూడా రెండింటికీ వేర్వేరుగా పెట్టాలి, ఇదే కారణం.

ఒకే థ్రెడ్ పరీక్ష విడిగా నడపండి. అన్ని కోర్లూ ఖాళీగా ఉన్నప్పుడు ఎపిక్ 9654 ఒక కోర్‌ని 3.7 గిగాహెర్ట్జ్ దాకా తీసుకెళ్తుంది, బేస్ వేగం 2.4. నిండు లోడ్‌లో ఆ మధ్య ఎక్కడో స్థిరపడుతుంది. ఒక్క థ్రెడ్ ఫలితాన్ని 96తో హెచ్చవేసే లెక్క ఎప్పుడూ పొంగిపోతుంది.

రెండు సాకెట్ల మెషీన్‌లో ఒక ప్రాసెస్‌ని నుమాసీటీఎల్‌తో ఒక నోడ్‌కి కట్టండి, సీపీయూ, మెమరీ రెండూ. కట్టకుండా ఒకసారి, కట్టి ఒకసారి నడపండి. తేడా పెద్దగా ఉంటే ఆ తేడా కూడా నివేదికలో రాయాల్సిందే, ఎందుకంటే ప్రొడక్షన్‌లో చాలామంది కట్టరు.

ఎన్నిసార్లు, ఏ వరుసలో

ప్రతి పరీక్ష 5 సార్లు. వరుస ఒకటి, రెండు, ఒకటి, రెండు అని మార్చి మార్చి. ముందు ఒకదానివి అన్నీ, తర్వాత రెండోదానివి అన్నీ నడిపితే మధ్యాహ్నం వేడి, పక్కవాళ్ల లోడ్ ఒకరి ఖాతాలోనే పడతాయి. క్లౌడ్‌లో ఒక్కో రకానివి మూడేసి మెషీన్లు తీసుకోండి, ఒకే పేరున్న రెండు మెషీన్ల మధ్య కూడా తేడా ఉంటుంది. మధ్య విలువ తీసుకోండి, సగటు కాదు. ఐదింటి మధ్య 3 శాతానికి మించి తేడా ఉంటే ముందు దాని కారణం వెతకండి. 2 శాతం తేడాతో గెలుపు ప్రకటించేవాళ్ల మాట పట్టించుకోకండి.

అనేక పరీక్షల నిష్పత్తులని ఒకే అంకె చేయాలంటే గుణమధ్యమమే (జామెట్రిక్ మీన్: అంకెలన్నీ హెచ్చవేసి, రెండుంటే వర్గమూలం, మూడుంటే ఘనమూలం, అలా తీసేది) వాడాలి. ఉదాహరణకి రెండు పరీక్షలు. ఒకదానిలో రెండో మెషీన్ 2 రెట్లు వేగం, ఇంకోదానిలో సగం వేగం. మొదటి మెషీన్‌ని ఆధారం చేసుకుని మామూలు సగటు తీస్తే రెండోది 1.25, అంటే 25 శాతం మెరుగు. రెండోదాన్ని ఆధారం చేసుకుంటే మొదటిది 1.25. ఇద్దరూ గెలిచారు! గుణమధ్యమం ఎటు నుంచి చూసినా 1 ఇస్తుంది. స్పెక్ కూడా అదే వాడుతుంది.

ఇప్పుడు హారం. ఊహించిన అంకెలతో: మొదటి మెషీన్ షరతు లోపల సెకనుకి 6,000, గంటకి 40 రూపాయలు. రెండోది 5,400, గంటకి 32 రూపాయలు. రూపాయికి మొదటిది 5.4 లక్షల రిక్వెస్టులు, రెండోది 6.07 లక్షలు. వేగంలో 10 శాతం వెనకబడినది ఖర్చులో 12 శాతానికి పైగా ముందుంది. ఏది మీకు కావాలన్నది మీరు మొదటి రోజు కాగితం మీద రాసిందే చెబుతుంది.

సొంత రాక్ అయితే కరెంటు కూడా

టీడీపీ అంకెని (ప్రాసెసర్‌ని చల్లబరిచే ఏర్పాటు కోసం కంపెనీ చెప్పే వాట్లు) కరెంటు బిల్లుగా చదవకండి. ఐపీఎంఐటూల్‌లో డీసీఎంఐ పవర్ రీడింగ్ తీయండి, వీలైతే పీడీయూ (రాక్‌లో కరెంటు పంచే పెట్టె) అంకెతో సరిచూడండి. సర్వర్‌కి రెండు పవర్ సప్లైలు ఉంటే ఒక్క తీగకి మీటర్ పెట్టి సగం అంకె రాసుకోవడం తరచూ జరిగే పొరపాటు. రెండు తీగలూ కలపాలి.

వాట్లు కాదు, పనికి ఎన్ని వాట్-గంటలో చూడండి. ఒకటి 320 వాట్లతో 50 నిమిషాల్లో బిల్డ్ ముగిస్తే 267 వాట్-గంటలు. ఇంకోటి 450 వాట్లు లాగినా 34 నిమిషాల్లో ముగిస్తే 255. ఎక్కువ లాగేదే తక్కువ తింది. కాకపోతే మీ సర్వర్ రాత్రంతా ఖాళీగా ఉండేదైతే ఖాళీ కరెంటు కూడా కొలవండి, అక్కడ వరుస మారొచ్చు. సగటున 400 వాట్లు లాగే సర్వర్ 30 రోజుల్లో 288 యూనిట్లు, ఏసీ కాకుండానే.

గదిలోకి వచ్చే గాలి ఉష్ణోగ్రత రెండు మెషీన్లకీ ఒకటే ఉండాలి. చెన్నై మే నెలలో ఏసీ సరిగా లేని సర్వర్ గదిలో ఫ్యాన్లే చాలా వాట్లు లాగేస్తాయి, పైగా టర్బో దిగిపోతుంది. బెంగళూరు ఎత్తు వల్ల మెషీన్లు వేడెక్కుతాయని కొందరు సాకు చెబుతారు. సర్వర్ల ఉష్ణోగ్రత పరిమితిని ఎత్తు కోసం తగ్గించడం సాధారణంగా 900 మీటర్ల పైన, ప్రతి 300 మీటర్లకి ఒక డిగ్రీ. మన ఊరు 920 మీటర్ల దగ్గర ఉంది, తగ్గేది లెక్కలోకే రాదు. ఫ్యాన్ మోగుతుంటే ముందు దుమ్ము చూడండి.

నివేదికలో ఎల్‌ఎస్‌సీపీయూ అవుట్‌పుట్, బయోస్ ఫొటోలు, కంపైలర్ ఫ్లాగులు, ఐదేసి రన్‌ల ముడి అంకెలు జత చేయండి. తర్వాత గెలిచిన మెషీన్‌కి ప్రొడక్షన్ ట్రాఫిక్‌లో 5 శాతం మళ్లించి ఒక వారం ఉంచండి, సోమవారం ఉదయం రద్దీ, నెలాఖరు జీతాల రోజు ఆ వారంలో పడేలా చూసుకోండి.